ఓడపై నాట్యము, ఊరిలో నామోషి

మొన్న నొక సాయంకాలము పఠనమందిరమున పత్రికలు చదువుట ముగిసి మాటలు మొదలైన వేళ నొక ప్రశ్న పుట్టినది. విహారనౌకల మీద ప్రయాణికుల వినోదమునకై బాల్‌రూమ్ నృత్యపు పోటీలు జరుగుచుండును గదా. నృత్యమే జీవనముగా గలవారు గాక, సామాన్య గృహస్థులే జంటలుగా పేర్లిచ్చి అందు పాల్గొందురు గదా. మన ఉయ్యాలవాడ పరిసరముల నుండి యొక గృహస్థుడు భార్యతో కూడ అట్టి పోటీలో దిగినచో అది మెచ్చదగిన పనియా, మానదగిన పనియా? అచ్చటివారిలో సగముమంది "దొరల వేషము" అని నవ్విరి. తక్కినవారు "మనవారును నాగరకులైరి" అని సంతోషించిరి. మేము రెండు పక్షముల మాటలును వింటిమి. రెండును మాకు రుచింపలేదు. నవ్వినవారికి ఆ నృత్యముల చరిత్ర తెలియదు. సంతోషించినవారికి తమ వీధి తెలియదు. ఏలయట్లనుచున్నామో నేడు వివరింపదలచినాము.

సముద్రము కంటికి కానరాని రేనాటి సీమకు ఓడతో నేమి పనియని కొందఱు అడుగవచ్చును. ఆ దినములు గతించినవి. 2022 జూను 8 వ తేదీన కార్డేలియా సంస్థవారి "ఎంప్రెస్" అను విహారనౌక విశాఖపట్టణపు రేవునకు వచ్చి, అచ్చటి నుండి పుదుచ్చేరికిని చెన్నపట్టణమునకును ప్రయాణికులను కొనిపోయెను. 2023 సెప్టెంబరు 4 వ తేదీన విశాఖ రేవులో విహారనౌకల ప్రయాణికుల కొఱకు దాదాపు 96 కోట్ల రూపాయలతో కట్టిన భవనమునకు ప్రారంభోత్సవము జరిగెను. ఉద్యోగములకై విదేశములందున్న బిడ్డలను చూడబోయి, వారితో కూడ సముద్రవిహారము చేసివచ్చు తలిదండ్రులు నేడు నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణములలో అరుదు గారు. కావున నీ ప్రశ్న ఊహామాత్రము కాదు. నేడు కాకున్న రేపు మన యింటి ముందరికి వచ్చునదే.

ముందుగా ఆ పోటీ యెట్టిదో చెప్పవలెను. నున్నని కొయ్యపలకల నేల. దాని చుట్టును ప్రేక్షకులు. నేల మీద నొకేసారి పలుజంటలు. పురుషుని వీపున నొక సంఖ్య గల కాగితము. జంటలన్నియు గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుదిక్కున వలయముగా సాగవలెను, ఒకరినొకరు తాకరాదు. న్యాయనిర్ణేతలు మొదట చూచునది తాళము. తాళము తప్పినవాని కెంత సొగసున్నను లాభము లేదు. తరువాత వెన్ను నిలుపు, చేతుల పట్టు, అడుగు నేలను తాకు తీరు, ఇద్దఱి పొందిక. తుదిపోటీలో ఒక్కొక్క నిర్ణేత జంటలకు వరుసగా స్థానములిచ్చును. అధికసంఖ్యాకుల తీర్పు ననుసరించి ఫలితము తేలును. ఒకరి పక్షపాతము పదిమంది శ్రమను పాడుచేయకుండుటకే ఈ యేర్పాటు. ఓడ మీద దీనికి మఱియొక చిక్కు గలదు. నేల యూగుచుండును. గట్టున నలవడిన పొడుగడుగు అచ్చట పొరపాటడుగగును. అడుగు చిన్నది చేసి, మోకాలు సడలించి, బరువును కుదురుగా నిలుపుకొన్నవాడే నిలుచును. ఉయ్యాల పేరు పెట్టుకొన్న ఊరివారికి ఊగెడి నేల యంత కొత్త కాకపోవచ్చునని మందిరమున నొక పెద్దమనిషి చమత్కరించెను. ఆ చమత్కారమునకు మేమును నవ్వితిమి. కాని ప్రశ్న నవ్వుతో తీరునది కాదు.

మొదట దొరల వేషమనువారి మాట విచారింతము. ఈ నృత్యములలో దొరల సొత్తెంత? వాల్ట్జు దక్షిణ జర్మనీ, ఆస్ట్రియా ప్రాంతముల పల్లెకాపులు గిరగిర తిరిగి యాడిన ఆట. అది లండను రాజసౌధమునకు చేరిన 1816 వ సంవత్సరమున టైమ్సు పత్రిక దానిని అసభ్యమని దూషించి, ఇట్టిదానికి తమ కుమార్తెలను అప్పగింపవలదని తలిదండ్రులను హెచ్చరించెను. టాంగో పుట్టినది బ్యూనస్ ఎయిరిస్, మాంటెవిడియో రేవుపట్టణముల బీదల పేటలలో. 1913 ప్రాంతమున అది యైరోపా నంతయు ఆవరింపగా, జర్మను చక్రవర్తి సైనికోద్యోగులు ఉడుపులు ధరించి దానినాడరాదని యాజ్ఞాపించెను. రుంబా, చాచాచాలు క్యూబా దీవివి. సాంబా బ్రెజిలు దేశమునది. ఆ దేశములకు ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన నల్లజాతివారి డప్పులును అడుగులును లేకున్న అవి యుండెడివే కావు. ఇక దొరలు చేసినదేమి? వారు చేసిన పని యొక్కటి కలదు. అడుగులను లెక్కించిరి, పేర్లు పెట్టిరి, పుస్తకములు వ్రాసిరి, పరీక్షలు పెట్టిరి. 1904 లో లండనున నృత్యోపాధ్యాయుల సంఘము నేర్పడెను. 1920 నుండి బ్లాక్‌పూలు పట్టణమున నృత్యోత్సవము మొదలయ్యెను. నేటికిని లోకములోని జంటలు తమ పనితనమునకు ముద్ర వేయించుకొనుటకు అచ్చటికే పోవుచున్నవి. ఎవరి ఇంటి ఆటయో, ఎవరి చేతి ముద్రయో! పాలనయనగా నిదియే. తుపాకి పట్టినవాడు నేలను పాలించును. నియమము వ్రాసినవాడు నేల పోయిన తరువాత గూడ పాలించును.

ఓడ మీద ఆడుటయు క్రొత్త వినోదము కాదు. అట్లాంటికు సముద్రము దాటించిన బానిసల ఓడలలో, సరకు చెడకుండవలెనని, సంకెలలతో నున్న మనుష్యులను పైతట్టునకు తెచ్చి కొరడా చూపి యాడించుచుండిరి. ఆ మనుష్యుల సంతతివారే తరువాత క్యూబాలోను బ్రెజిలులోను తమ యాటలను తాము నిర్మించుకొనిరి. క్యూబాలో 1886 లోను బ్రెజిలులో 1888 లోను బానిసత్వము తొలగెను. మనవారును ఓడలెక్కిరి. 1860 అక్టోబరు 12 వ తేదీన మద్రాసు రేవు నుండి "ట్రూరో" అను ఓడ 342 మంది కూలీలతో బయలుదేరి నవంబరు 16 న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. వారిలో తెలుగువారును గలరు. అట్టి కూలి ఓడలపై ప్రయాణికులు దిగులుతో జబ్బుపడకుండ సాయంకాలములందు వాయించుటకును, పాడుటకును, ఆడుటకును వైద్యాధికారులు ప్రోత్సహించుచుండిరి. వారికి బహుమానములు లేవు. వీపున సంఖ్య లేదు గాని కాగితములలో సంఖ్య యున్నది. చెఱకుతోటల నడుమ వారు తమ భాషను కాపాడుకొనిరి. 1931 లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. కూలిగా ఓడనెక్కినవాడు అచ్చట ఆడినపుడు నవ్వనివారము, టికెట్టు కొని యెక్కిన మనవాడు ఆడినపుడేల నవ్వవలెను? ఆనాడు బలవంతముగా త్రొక్కిన నేల మీద నేడు స్వేచ్ఛగా త్రొక్కుట సిగ్గుపడదగిన పని కాదు. కావున పోటీకి పోదలచినవారిని మేము వారింపము.

ఇక సంతోషించినవారి మాట. "మనవారును నాగరకులైరి" అనుటలో నొక విషము దాగియున్నది. దానిని బయటికి తీయుటయే ఈ వ్యాసపు ముఖ్యోద్దేశము.

ఉయ్యాలవాడ యనగా లోకమునకు తెలిసినది నరసింహారెడ్డి పేరు. 11 రూపాయల 10 అణాల 8 పైసల తవర్జీకి దిగజార్చబడిన పాలెగారి కుటుంబపువాడు 1846 లో కుంపిణీ ప్రభుత్వము పై తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22 వ తేదీన కోవెలకుంట్లలో జనులు చూచుచుండగా ఆయనను ఉరితీసిరి. ఆయన తలను కోట గుమ్మమున కట్టి 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు, వేలాడనిచ్చిరి. ఆ 1877 లోనే జనవరి 1 వ తేదీన ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణిని హిందూదేశపు "ఎంప్రెస్" అని చాటిరి. 1896 లో బ్లాక్‌పూలున కట్టిన నృత్యశాలకు ఆ బిరుదమే పేరైనది. నేటి నృత్యోత్సవములు జరుగునది అందే. విశాఖకు వచ్చిన ఓడ పేరును ఎంప్రెస్సే. ఓడవారు ఆ రాణిని తలచి పేరు పెట్టిరని మేమనము. కాని యా మాట మనకు ఎచ్చటి నుండి, ఏ తలను దాటి వచ్చినదో ఉయ్యాలవాడ వారు మఱచుట న్యాయము కాదు.

నరసింహారెడ్డిని మన మేల మఱవలేదు? 2019 లో చలనచిత్రము వచ్చుటచేత కాదు. సర్కారు కాగితములు ఆయనను ద్రోహిగా వ్రాసిన కాలముననే జానపదులు ఆయనను పాటగా కట్టి పాడుకొనిరి. పుస్తకము లేని కాలమున, పత్రిక లేని పల్లెలో, చదువు రాని జనులు పాటతోడను ఆటతోడను చరిత్రను నిలిపిరి. అట్టి జనుల ఆటలను నేడు మన చదువరులు చూచు చూపెట్టిది?

ఈ సీమలో చెక్కభజన యన నేమో చెప్పవలసిన పని లేదు. చేతిలో రేకులు తాపిన కొయ్యచెక్కలు; కాళ్లకు గజ్జెలు; నడుమ గురువు; మద్దెల మ్రోత. నెమ్మదిగా మొదలై, అడుగు మాఱి, నడక హెచ్చి, తుదకు చూచువాని గుండె గూడ ఆ తాళముననే కొట్టుకొనును. కోలాటములో కోపులెన్ని! ఏకకోలాటము, జంటకోలాటము, పైనుండి వ్రేలాడు త్రాళ్లను ఆడుచునే అల్లి, ఆడుచునే విప్పు జడకోలాటము. లోపలి వలయ మొక దిక్కునకు, వెలుపలి వలయ మొక దిక్కునకు సాగునపుడు, తన ఉద్దిని విడిచి మఱియొక ఉద్ది కోలను తాకి, తిరిగి తన చోటికి వచ్చుటకు ఎంత మెలకువ వలయునో ఆడినవారికే తెలియును. ఓడపోటీలో నిర్ణేతలు చూచు తాళము, వెన్ను నిలుపు, పొందిక, ఇతరులను తాకక సాగుట — ఇందులో మన గురువులు నేర్పనిది యేది?

పోటీ ప్రకటనలలో "ఔత్సాహికులకు మాత్రము" అని వ్రాయుదురు. ఔత్సాహికుడన నెవ్వడు? ఆటవలన జీవింపక, ఆటయం దిష్టముచేత ఆడువాడు. పగలెల్ల శనగచేనిలోనో వరిమడిలోనో వంగిన నడుమును రాత్రి నిలువబెట్టి, శ్రీరామనవమికో, అహోబల స్వామి పారువేటకు పల్లెలు తిరుగు దినములందో, తెల్లవారుదాక ఆడి, మఱల పొద్దుటికి పొలమునకు పోవు రైతుకూలి ఔత్సాహికుడు కాక మఱెవ్వడు? అతనికి పదక మెవ్వరిచ్చిరి? అతని పేరు ఏ పత్రిక వ్రాసెను? మా పత్రికయు వ్రాయలేదని యొప్పుకొనుచున్నాము. మంత్రులో, అధికారులో వచ్చు దినమున ఆ దళమును రోడ్డు ప్రక్క ఎండలో గంటలకొలది నిలుపుదురు. కారు ముందర నూఱడుగులు ఆడింతురు. కారు దాటగానే ఆట యేమైనదో అడుగువాడు లేడు. ఒక తువ్వాలయు, ఒక పూట కూడును చేతికిచ్చి పంపుదురు. ఈ మర్యాద చేసిన పెద్దమనుష్యులే, తమ బంధువు ఓడ మీద వాల్ట్జు ఆడిన బొమ్మ చేతిఫోనులో చూచి, మనవారు నాగరకులైరని పొంగిపోవుదురు!

కోలాటము చచ్చినదని మేమనము. అది యసత్యము. తిరుమల బ్రహ్మోత్సవములలో స్వామివాహనముల ముందర మాడవీథులలో ఆడు స్త్రీల దళములను చూచినవారు అట్లనలేరు. పల్లెల స్త్రీలు గురువులను పిలిపించుకొని, మాపటివేళ పనులు తీరిన పిమ్మట కోపులు నేర్చుకొనుచున్నారు. వారికి మా నమస్కారములు. మా తగవు వారితో కాదు, పట్టణపు చదువరితో. అతడు దసరా దినములలో టికెట్టు కొని దాండియా ఆడును. కోలాటమునకు రమ్మన్న గడప దాటడు. చేతిలోని కోల ఒక్కటే, వలయ మొక్కటే. గుజరాతీలు తమ గర్బాను పట్టణమున బెట్టి, పెద్దలు పిన్నలు కలసి యాడి, 2023 డిసెంబరులో యునెస్కో జాబితా కెక్కించుకొనిరి. వారిని చూచి మన మసూయపడ నక్కఱలేదు, నేర్చుకొనవలెను. వారి ధనికుడు ఆడుటకు సిగ్గుపడడు. మన ధనికుడు ఆడించును, ఆడడు. ఆడువాడు తక్కువ, ఆడించువాడు ఎక్కువ యను పాలెగాండ్రనాటి లెక్క పాలెగాండ్రు పోయినను మన మనస్సులలో పోలేదు. ఓడ మీద ఆ లెక్క యేల పనిచేయదు? అచ్చట తన్ను ఎఱిగినవాడు లేడు. అచ్చట ఆడినచో కులము తగ్గదు, పరువు పోదు. అనగా అతనికి ఆటయం దిష్టము లేకపోలేదు, ఊరియందే భయము. మేము నామోషి యన్నది దీనినే.

స్త్రీపురుషులు కలసి యాడుట మన మర్యాద కాదని ధర్మము చెప్పువారు కొందఱు గలరు. వారికి మా సమాధానము కొంచెము కఠినముగా నుండును. మర్యాద పేరున నృత్యమునకు మనము చేసినదేమి? 1893 లో మద్రాసు సంఘసంస్కర్తలు నాచ్చిపార్టీలకు పోవలదని గవర్నరునకును వైస్రాయికిని మహజరు పంపిరి. రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు సానిమేళములకు వ్యతిరేకముగా పోరాడిరి. 1947 లో దేవదాసీలుగా సమర్పించుటను మద్రాసు శాసనము నిషేధించెను. బాలికలను గుడులకు సమర్పించు దురాచారము పోవుట న్యాయమే. అందు మాకు సందేహము లేదు. కాని తెగులుతో పాటు పైరును గూడ కోసివేసితిమి. తరతరములుగా విద్యను మోసిన స్త్రీలను విద్యతో పాటు వెలివేసితిమి. వారిని పోషించి, పాడుచేసిన పురుషునకు మాత్రము ఏ వెలియు లేకపోయెను. అతడు పెద్దమనిషిగానే మిగిలెను. అట్టి మనము నేడు భార్యాభర్తలు పదిమంది యెదుట చేయిపట్టుకొని తాళము తప్పక నాలుగడుగులు వేసినచో మర్యాద పోవునని గుండెలు బాదుకొనుట హాస్యాస్పదము. 1816 లో లండను పత్రికయు ఇట్లే గుండెలు బాదుకొనెను. తరువాత అదే ఆటను నాగరకతయని లోకమునకు పంచిపెట్టిరి. ఆ నాగరకత వారు మన దేశమున నడపిన క్లబ్బుల గడపయొద్దనే ఆగిపోయెను. 1832 లో స్థాపితమైన మద్రాసు క్లబ్బులో భారతీయునకు సభ్యత్వము స్వాతంత్ర్యానంతరమున గాని దొరకలేదు.

దొరలు చేసిన మేలైన పనిని గుర్తింపకుండుట దేశభక్తి కాదు. ఊరూరి ఆటలను తెచ్చి వారు నియమము కల్పించిరి. అట్టి పని మనవారికి చేతకానిదా? 1253–54 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుని గజసైన్యాధిపతియైన జాయపసేనాని నృత్తరత్నావళిని రచించెను. ఎనిమిది అధ్యాయములలో మొదటి నాలుగు మార్గనృత్తమునకు, తరువాతి నాలుగు దేశినృత్తమునకు వినియోగించెను. సగము గ్రంథమును జనుల ఆటలకిచ్చిన సేనాపతి యెచ్చట, చెక్కభజన మోటయను మన గుమాస్తా యెచ్చట! కోలలతో నాడు ఆటయు ఆ గ్రంథమున కెక్కినది. ఆ పుస్తకము వ్రాతప్రతిగా శతాబ్దముల కాలము మూలబడి, 1965 లో గాని అచ్చునకు రాలేదు. మన సీమవారే, అనంతపురము జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, దానిని తెలుగు చేసిరి. ఏడు వందల ఏండ్లు పుస్తకమును మూలబెట్టిన జాతి, తన యాటను లోకము గుర్తింపలేదని వాపోవుట యెందులకు?

నియమమువలన కీడును గలదు. దానిని దాచము. క్యూబావారి రుంబా వేఱు, పోటీలోని రుంబా వేఱు. బ్రెజిలు వీధి సాంబా వేఱు, పరీక్షాపత్రపు సాంబా వేఱు. పుట్టినింటివారిని అడుగకయే నియమము వ్రాసినందున ఆట బిగుసుకొని, పుట్టినింటివారికే గుర్తురాని రూపము దాల్చినది. కావున మన యాటలకు నియమము వ్రాయువాడు పట్టణపు ప్రొఫెసరొక్కడే కారాదు. చెక్క పట్టిన గురువు ప్రక్కన కూర్చుండవలెను. భజన భగవంతునిది, దానికి పోటీ యేల యని మఱికొందఱు అనవచ్చును. ఉత్సవములలో ఊరూరి దళములు పంతముతో ఆడుట క్రొత్త కాదు. ఆ పంతమునకు న్యాయమైన తీర్పు నేర్పఱచుట భక్తికి లోపము కాదు. న్యూయార్కు నగరపు బ్రాంక్సు వీధులలో బీద పిల్లలు అట్టముక్కల మీద ఆడిన బ్రేకింగు ఆట, తీర్పుకు నియమము లేర్పడినందుననే గదా, 2024 లో పారిసు ఒలింపికు క్రీడలలో చేరెను?

కావున మా కోర్కెలు నాలుగు. మొదటిది: ఈ మండలమునందలి ప్రతి గురువు నెఱిగిన అడుగులను, కోపులను, పాటలను అతని పేరుతోనే వ్రాయించి, చలనచిత్రముగా గూడ తీయించి గ్రంథాలయములందు భద్రపఱుపవలెను. గురువు పోయిన పిమ్మట సంతాపసభ చేసిన అడుగులు తిరిగి రావు. రెండవది: ఉయ్యాలవాడలో ఏటేట ఔత్సాహికుల కోలాట, చెక్కభజన పోటీ నడపవలెను. ఆరితేఱినవారి కొక తరగతి, క్రొత్తవారి కొక తరగతి ఉండవలెను. అయిదుగురు నిర్ణేతలు, ముందుగా చాటిన నియమములు, అధికసంఖ్యాకుల తీర్పు ఉండవలెను. దళమునకు సంఖ్యయే గాని కులము పేరు, పార్టీ పేరు, ఊరిపెద్ద పేరు ఉండరాదు. వకీళ్లు, వైద్యులు, ఉపాధ్యాయులు, వర్తకులు క్రొత్తవారి తరగతిలో పేర్లియ్యవలెను. ఓడిపోవుటకు సిద్ధపడి రావలెను. మూడవది: ఏ సర్కారు కార్యమునకు దళమును పిలిచినను దారిఖర్చు, కూలి, భోజనము, నీడ ముందుగా నిర్ణయించి యీయవలెను. ఔత్సాహికుడన్న మాట పేరున బీదవానిచేత వెట్టి చేయించుట దొంగతనము. నాలుగవది: విశాఖ రేవు నుండి బయలుదేరు విహారనౌకలలో వాల్ట్జు పోటీ పెట్టినచో పెట్టుదురు గాక, దానితో పాటు అదే నేల మీద, అదే బహుమానముతో కోలాటపు పోటీయు పెట్టవలెనని మన ప్రభుత్వము ఓడవారిని కోరవలెను. ప్రజాధనముతో రేవు కట్టినవారికి ఈపాటి కోరు హక్కు లేదా?

ఇంతకు ఓడ మీది పోటీలో పేరిచ్చుటకు తలచుచున్న గృహస్థునకు మే మేమి చెప్పుదుము? అయ్యా, నిరభ్యంతరముగా పొండు. నాలుగు దినములు చూచి వచ్చినదానిని చాలుననుకొనక గురువునొద్ద నేర్చికొని పొండు. మెత్తని తోలు అడుగు గల జోడు తొడుగుకొనుడు; ఓడ యూగినపుడు అడుగు చిన్నది చేయుడు; తాళమును విడువకుడు. అమ్మవారిని లాగికొని పోక, ఆమెతో కలసి నడువుడు. మీ ఊరే దని నిర్ణేతలడిగినచో ఏదో పెద్ద నగరము పేరు చెప్పక, ఉయ్యాలవాడయని చెప్పుడు. ఓడినను నవ్వుచు రండు. కాని ఒక్క షరతు. ఓడ నెక్కుటకు ముందే, ఈ శ్రీరామనవమి రాత్రి, మీ వీధిలో, మీ కూలివాడును మీ వియ్యంకుడును చూచుచుండగా, చెక్కలు చేతబట్టి గురువు వెనుక నిలువుడు. అచ్చట మీ కాలు వణకనిచో సముద్రము మిమ్ము వణకింపజాలదు. అచ్చట నిలువ సిగ్గుపడి, ఓడ మీద మాత్రమే ఆడుదుమన్నచో, పదకము తెచ్చినను మీరు తెచ్చినది ఉయ్యాలవాడ గౌరవము కాదు.

ఈ కోర్కెలను మేము ఒకరి మీదికి త్రోసి ఊరకుండము. రాబోవు శ్రీరామనవమి నాటి దళములో మా పత్రికాకార్యాలయము నుండి గూడ క్రొత్తవారు నిలుతురు. మాకు అడుగులు రావు, నేర్చుకొందుము. నవ్వువారు వచ్చి నవ్వవచ్చును. వారికిని చెక్కలు సిద్ధముగా నుంచుదుము.